మడతచాకు: ఆటా, పట్టూ



మా ఇంట్లో గోడమేకుకు వేలాడే గుడ్డసంచిలో రెండు మడతచాకులు ఉన్నాయి. రెండూ మా నాయనవే. కోలారు జిల్లా శ్రీనివాసపురం చుట్టుపక్కల మామిడితోటలు చూసినవారికి ఆ చాకుల పనేమిటో వేరే చెప్పనక్కరలేదు. టెంకమొక్క కాండాన్ని ఏటవాలుగా కోసి, మంచిజాతి చెట్టు పుల్లను అదే వాలులో చెక్కి, రెండు కోతలూ సందు లేకుండా ఆనించి కట్టు కట్టాలి. కోత నున్నగా లేకుంటే అంటు పట్టదు. మా నాయన నర్సరీలకు అలా అంట్లు కట్టడానికి కూలికి వెళ్ళేవాడు.

ఆ రెండు చాకుల్లో పాతది లొడలొడలాడేది. మొన పట్టుకొని కదిపితే పిడిలో అటూ ఇటూ ఊగేది. దాంతో విసిగిపోయి ఒక జాతరలో కొత్తది కొన్నాడు. కొనేటప్పుడు నాలుగైదు చాకులు తెరిచి, చెవి దగ్గర ఊపి, మొన పట్టి కదిపి, ఇసుమంతైనా ఆడనిదాన్ని ఏరుకున్నాడు. నెల తిరక్కముందే ఆ చాకు ఆయన కుడిచేతి చూపుడువేలును ఎముకదాకా కోసింది. కాండంలో మొన ఇరుక్కుంది. ఊడదీయడానికి పిడిని పదునువైపుకు వంచాడు. చాకు ఆయన వేలిమీదికే మూసుకుంది. నేనప్పుడు నాలుగో తరగతి. ఆ ఏడు అంట్ల కాలమంతా ఆయనకు కూలి లేదు. ఆ వేలు మళ్ళీ పూర్తిగా ముడుచుకోలేదు.

తర్వాత ఒకరోజు రెండు చాకులూ నా చేతికిచ్చి కమ్మరి ఆచారి దగ్గరికి పంపించారు. ఆయన రెండింటినీ తెరిచి, మూసి, వెన్నుమీద బొటనవేలితో నొక్కి చూశాడు. "పాతదాని ఆటకేముందప్పా, చీలమీద రెండు దెబ్బలేస్తే సరిపోతాది. కొత్తదాంట్లో పట్టే లేదు. దాన్ని నేనేం చేసేది?" అన్నాడు.

ఆ మాట నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. ఇవాళ్టి ప్రసంగం ఆ మాట గురించే.

మడతచాకులో కోసే రేకును అలుగు అంటాం. అలుగు మొదట్లో ఒక రంధ్రం, ఆ రంధ్రంలోంచి పిడి రెండు చెక్కలనూ కలుపుతూ ఒక చీల. అదే కీలు. కీలు దగ్గర సందుంటే అలుగు కదులుతుంది. తలుపు కీలు ఆడుతోంది, పన్ను ఆడుతోంది అంటాం కదా, ఆ ఆటే ఇది. సైకిలు మెకానిక్కులు దాన్నే 'ప్లే' అంటారు. ఇక పట్టు అంటే, తెరిచిన అలుగు మనం మూసేదాకా మూసుకోకుండా ఉండే బలం. ఆటను ఎవరైనా కనిపెట్టగలరు. చేతికి తెలుస్తుంది, చెవికి వినిపిస్తుంది. పట్టు పైకి కనిపించదు.

బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి గనుక చిన్న లెక్క ఒకటి చెబుతాను. పిడి చెక్కల మధ్య ఇమిడే అలుగు మొదలు 10 మిల్లీమీటర్లు అనుకోండి. కీలునుంచి మొనదాకా 80 మిల్లీమీటర్లు. కీలు దగ్గర మిల్లీమీటరులో పదోవంతు సందుంటే చాలు, మొన దగ్గర అది ఎనిమిదింతలవుతుంది. మిల్లీమీటరుకు కాస్త తక్కువ. అందుకే కాగితమంత సందుకు కూడా చాకంతా వదులైపోయినట్టు అనిపిస్తుంది. ఇప్పుడు పట్టు లెక్క చూడండి. అలుగును ఆపే గడియ కీలుకు 8 మిల్లీమీటర్ల దూరంలోనే ఉందనుకుందాం. మొన దగ్గర వెన్నుమీద 5 కిలోల బరువు పడితే, గడియమీద పడేది దానికి పదింతలు, అంటే 50 కిలోలు. గడియకు కీలు ఇంత దగ్గర గనుక బియ్యపుగింజంత లోహం ఒక బస్తా బియ్యపు బరువు మోయాలన్నమాట. సందు ఎనిమిదింతలు పెరిగి మన కంటికి కనిపిస్తుంది. బరువు పదింతలు పెరిగి మన కంటబడకుండా లోపల ఉండిపోతుంది.

మరి మా నాయన ఎందుకు ఆటనే పరీక్షించాడు? ఆయనే కాదు, జాతరలో చాకు కొనే పదిమందిలో తొమ్మిదిమంది అదే చేస్తారు. కారణం కోసం వెనక్కి, చాలా వెనక్కి వెళ్ళాలి.

మడతచాకు కొత్త వస్తువేమీ కాదు. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ సంస్కృతి అవశేషాల మధ్య ఎముకపిడి ఉన్న మడతచాకు దొరికింది. అది క్రీ.పూ. 600-500 నాటిదని చెబుతారు. రోమన్లు కంచు, ఎముక, దంతం పిడులతో మడతచాకులు విరివిగా చేసుకున్నారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఫిట్జ్‌విలియం మ్యూజియం ఉంది. అందులో క్రీ.శ. 3వ శతాబ్దం నాటి వెండి పనిముట్టొకటి చూపిస్తారు. చాకు, చెంచా, ఫోర్కు, ముల్లు అన్నీ ఒకే పిడిలోకి మడుచుకుంటాయి. భోజనానికి బయల్దేరిన రోమన్ పెద్దమనిషి దాన్ని సంచిలో వేసుకొని ఉంటాడు.

ఆ కాలపు చాకుల్లో స్ప్రింగు లేదు, గడియ లేదు. చీల బిగువే అలుగును నిలబెట్టేది. అలాంటిది చూడటానికి మ్యూజియందాకా వెళ్ళనక్కరలేదు. మంగలికత్తి చూడండి. అందులో స్ప్రింగుండదు, తాళముండదు. చీల బిగువుగా ఉన్నంతసేపు నిలుస్తుంది. మిగతా పని మంగలి వేళ్ళది. కత్తి వెనక తోకను చిటికెనవేలితో ఆనించి, మొదలును మూడువేళ్ళతో పట్టుకుంటాడు. మన ఇళ్ళలో అడకత్తెర కూడా ఇంతే. చీల వదులైతే పోకచెక్క తెగదు, జారుతుంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఇలాంటి పనిముట్టులో ఆటా, పట్టూ వేరువేరు కావు. ఆడిందంటే పట్టు పోయిందన్నమాటే. ఆడలేదంటే పట్టున్నట్టే. రెండువేల ఏళ్ళకు పైగా మనుషులు ఇలాంటి చాకులే వాడారు. కదిపి చూసి కొనే అలవాటు అప్పటిది. ఆ రోజుల్లో ఆ పరీక్ష సరైనదే. చాకు లోపలి కథ తర్వాత మారిపోయింది, చేతి అలవాటు మాత్రం మారలేదు.

ఈ పాత పద్ధతి చాకు జపానులో మొన్నమొన్నటిదాకా బతికింది. హ్యోగో ప్రాంతంలో మికి అనే కమ్మరుల పట్టణం ఉంది. 1890లలో అక్కడ హిగోనొకామి అనే చాకు పుట్టింది. మడిచిన రేకే దాని పిడి. అలుగు వెనక చిన్న తోక ఉంటుంది. తెరిచాక ఆ తోకను బొటనవేలితో నొక్కిపట్టాలి. వేలు తీస్తే పట్టు లేదు. చవక కావడంతో జపాను బడిపిల్లలు పెన్సిళ్ళు చెక్కుకోవడానికి దాన్నే జేబులో వేసుకొనేవారు. 1960 అక్టోబరు 12న టోక్యోలో సోషలిస్టు నాయకుడు అసనుమాను సభావేదిక మీదే 17 ఏళ్ళ కుర్రవాడొకడు పొడిచి చంపాడు. పొడిచింది పొట్టిఖడ్గంతో, మడతచాకుతో కాదు. అయినా దాని తర్వాత పిల్లల చేతికి కత్తులివ్వరాదన్న ఉద్యమం లేచి, బడుల్లోంచి ఆ చాకు మెల్లగా మాయమైంది. నేరం ఒక కత్తిది, శిక్ష ఇంకో కత్తికి. ఉపాధ్యాయుడిగా నాకు అటు తల్లిదండ్రుల భయమూ తెలుసు, ఇటు పెన్సిలు చెక్కుకోవడం రాని చేతులూ తెలుసు.

ఆటనూ పట్టునూ విడదీసింది ఇంగ్లండులోని షెఫీల్డు. అక్కడి కత్తులవాళ్ళ సంఘానికి 1624లో పార్లమెంటు చట్టమే చేసింది. 17వ శతాబ్దం మధ్యకాలం నుంచి అక్కడి మడతచాకుల వెన్నులో ఉక్కు స్ప్రింగు కనిపిస్తుంది. పిడి వెన్నంతా ఒక ఉక్కుపట్టీ. దాని కొస అలుగు మొదలును ఎప్పుడూ నొక్కుతూ ఉంటుంది. అలుగు మొదలును పలకలుగా అరగదీస్తారు. తెరిచినప్పుడు ఒక పలకమీద, మూసినప్పుడు ఇంకో పలకమీద స్ప్రింగు కూర్చుంటుంది. తెరిచేటప్పుడు మొదట బరువుగా లేచి, ఆ తర్వాత టక్కున పడుతుంది. అక్కడి పనివాళ్ళు దీన్ని చాకు 'నడక, పలుకు' అనేవారు. నడక సాఫీగా ఉండాలి, పలుకు గట్టిగా ఉండాలి.

ఇక్కడ పనివాడి చేతిలో ఒక సంకటం ఉంది. అన్ని భాగాలూ జోడించి చివర్న చీలను సుత్తితో కొట్టి బిగిస్తాడు. ఒక దెబ్బ ఎక్కువైతే అలుగు పిడిని రాచుకొని స్ప్రింగు పని చేయదు. ఒక దెబ్బ తక్కువైతే ఆడుతుంది. కొట్టాలి, తెరవాలి, చూడాలి, మళ్ళీ కొట్టాలి. ఆ నేర్పుకు ఏళ్ళు పట్టేది. 'లిటిల్ మెస్టర్లు' అనే చిన్న పనివాళ్ళు ఒకటి రెండు గదులు అద్దెకు తీసుకొని ఈ పని చేసేవారు. కొలిమిపనివాడు వేరు, సానపట్టేవాడు వేరు, జోడించేవాడు వేరు. సానపట్టేవాడి బతుకు అన్నిటికన్నా హీనం. పొడిరాయి మీద పట్టే సానలో రాతిపొడి, ఉక్కుపొడి ఊపిరితిత్తుల్లో చేరి, 19వ శతాబ్దంలో ఎందరో నలభై ఏళ్ళు నిండకుండానే పోయారు. మన దేశానికి కూడా షెఫీల్డు చాకులు విరివిగా దిగుమతి అయ్యాయి. ఉక్కు తుప్పుపట్టడానికి విరుగుడు కనిపెట్టింది కూడా ఆ ఊళ్ళోనే. హ్యారీ బ్రియర్లీ 1913లో అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు తయారుచేశాడు. కీలులో తుప్పు చేరితే చీల అరిగి ఆట పెరుగుతుంది గనుక ఇది మడతచాకుకు పెద్ద మేలే.

అయితే స్ప్రింగు గడియ కాదు. ఈ మాట గట్టిగా పట్టుకోవాలి. స్ప్రింగు అలుగును ఒప్పిస్తుంది, బంధించదు. మామూలుగా కోసేటప్పుడు బరువు పదునుమీద పడి అలుగును తెరిచే వైపుకే నెడుతుంది. అప్పుడు ఏ పట్టూ అక్కరలేదు. పండు కోసినా, పుల్ల చెక్కినా ఇంతే. మొనతో పొడిచినా, మొన ఇరుక్కొని పిడి వంగినా, వెన్నుమీద దెబ్బ తగిలినా బరువు తిరగబడుతుంది. అప్పుడు స్ప్రింగు బలమెంతో అంతే పట్టు, దాన్ని దాటితే వేలే. మా నాయన కొత్తచాకులో చీల బిగువుగా కొట్టారు, స్ప్రింగు మాత్రం పలచని రేకు. కీలు బిగువు స్ప్రింగు లోపాన్ని కప్పేసింది. కదిపి చూస్తే గట్టి చాకే.

తాళం పడే మడతచాకు ఎక్కడ ముందుగా పేరుపొందిందో చూస్తే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. స్పెయినులో నవాహా అనే పొడుగాటి మడతచాకు ఉండేది. ఆ పేరు మంగలికత్తికి లాటినులో ఉన్న మాటనుంచి వచ్చింది. అల్బసేతె ఊరు వాటికి ప్రసిద్ధి. అలుగు మొదట్లో రంపంలాంటి పళ్ళుండేవి. వెన్నుస్ప్రింగుకు చేసిన రంధ్రంలో ఒక్కొక్క పన్నూ పడుతూ, కరకరమని చప్పుడు చేస్తూ తెరుచుకొనేది. చివరి పన్ను పడ్డాక స్ప్రింగును ఎత్తితే తప్ప మూసుకోదు. ఎదుటివాడి గుండె జారడానికి ఆ చప్పుడే సగం ఆయుధం. మన దేశంలో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ చాకుకు కూడా అలాంటి పేరే వచ్చింది. నవాబుల సంస్థానంగా ఉన్న ఆ ఊరి పనివాళ్ళ నైపుణ్యం హిందీ సినిమాల పుణ్యమా అని రౌడీ జేబుకు గుర్తయిపోయింది. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనలు 9 అంగుళాలకు మించి పొడవు, లేక 2 అంగుళాలకు మించి వెడల్పు ఉన్న కత్తులను ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటిపనికీ, సేద్యానికీ, పరిశ్రమకూ ఉద్దేశించినవాటిని మినహాయించాయి. రాంపూర్ చాకుపని క్రమంగా చిక్కిపోయింది. 2023లో అదే ఊళ్ళో ఒక కూడలిలో ఇరవై అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు.

మనిషిమీద ఎత్తే చాకుకు తాళం ముందు, మొక్కమీద వంగే చాకుకు తర్వాత. నాకు తోచిన తేడా అది. ఇందుకు ఫ్రాన్సు ఆల్ప్స్ కొండల్లోని సవోయ్ ప్రాంతపు ఉదాహరణ ఒకటి వివరంగా చెప్పాలి. యానాం శ్రోతలకు ఫ్రెంచి పేర్లు పలకడం మాకంటే సులువు కాబట్టి నా ఉచ్చారణను మన్నిస్తారు.

అక్కడ పనిముట్లు చేసే కమ్మరి ఇంట్లో పుట్టిన జోసెఫ్ ఓపినెల్ 1890లో రైతుల కోసం ఒక చాకు చేశాడు. గుండ్రని కర్రపిడి, దానికొక చీలిక, ఒక అలుగు, ఒక చీల. స్ప్రింగు లేదు. 1897 నాటికి 1 నుంచి 12 దాకా అంకెలతో పన్నెండు పరిమాణాల్లో అమ్మేవాడు. 1వ నంబరు మరీ చిన్నదని, 11వ నంబరు మిగతావాటికి మరీ దగ్గరగా ఉందని తర్వాత మానేశారు. పిడికి ఎక్కువగా బీచ్ చెట్టు కర్ర వాడతారు. అసలు పేచీ ఆ కర్రతోనే. వానాకాలంలో మన పాత తలుపులు ఉబ్బి గడప దగ్గర పట్టేస్తాయి కదా, ఆ కర్ర కూడా తడి తగిలితే ఉబ్బి అలుగును పట్టేస్తుంది. ఎండితే కుంచించుకొని వదిలేస్తుంది. వానలో తెరుచుకోదు, ఎండలో నిలవదు. ఉబ్బి బిగుసుకున్నప్పుడు పిడి చివరను బల్లమీద టక్కుమని కొడితే అలుగు కొంచెం బయటికి వస్తుంది. దాన్ని పట్టుకొని లాగాలి. సవోయ్‌వాళ్ళ దెబ్బ అని దానికి పేరే ఉంది.

ఆ చాకుకు గడియ రావడానికి 65 ఏళ్ళు పట్టింది. 1955లో మార్సెల్ ఓపినెల్ ఒక ఉంగరం చేశాడు. పిడి తలకున్న లోహపు పట్టామీద తిరిగే, ఒకచోట తెగిన ఉక్కుఉంగరం అది. తెరిచినప్పుడు చీలిక ఎదుట ఉన్న సందును పక్కకు తిప్పితే ఉంగరం అలుగు మొదలుకు అడ్డుపడుతుంది. అంచు కాస్త వాలుగా ఉంటుంది గనుక తిప్పినకొద్దీ బిగుస్తుంది. కర్ర ఉబ్బినా, ఎండినా, చీల అరిగినా ఇంకొంచెం తిప్పితే సరి. ఆట ఉన్నా పట్టు పోదు. 2000లో చిన్న మార్పుచేసి, మూసినప్పుడు కూడా పడేలా చేశారు. నాలుగైదు ముక్కలతో అయ్యే ఈ చాకు మూడు తరాల రైతుల వేళ్ళు కాపాడిందంటే అది అతిశయోక్తి కాదు.

అమెరికాలో దారి వేరు. శాన్ డియాగోలోని బక్ కుటుంబం 1964 ప్రాంతంలో 110 నంబరు చాకు తెచ్చింది. వేటగాళ్ళు జంతువు తోలు ఒలిచేటప్పుడు మొనకు అడ్డంగా ఎన్నో దెబ్బలు తగులుతాయి. దానికి తగినట్టు వెన్నులో ఒక ఉక్కుగడియ పెట్టారు. తెరవగానే గడియ కొక్కెం అలుగు మొదట్లోని గాడిలో పడుతుంది. పిడి చివరన వెన్నును నొక్కితే లేస్తుంది. ఈ తరహా గడియ అంతకుముందూ ఉంది కానీ, జనంలోకి వెళ్ళింది ఆ చాకుతోనే. కొక్కేనికీ గాడికీ మధ్య వెంట్రుకంత సందు ఉండకపోతే పడదు. అందువల్ల ఇలాంటి చాకును తెరిచి మొనను పైకీ కిందికీ ఒత్తితే చిన్న కదలిక తగులుతుంది. కొత్తగా కొన్నవాళ్ళు దుకాణానికి తిరిగి తెస్తారట. ఆ కొక్కెం మందం చూస్తే ఆ భయం అక్కరలేదు. ఆడుతుంది, నిలుస్తుంది.

దీనికి సరిగ్గా ఎదురుది ఇంకొకటి. పిడి లోపలి రేకునే ఒక పక్కకు వంచి, అలుగు తెరవగానే అది వెనక్కి దూకి అడ్డం నిలిచేలా చేయడం. తీగలపని చేసేవాళ్ళ చాకులకు 1906లోనే అమెరికాలో ఇలాంటిదానికి పేటెంటు ఉంది. మైకేల్ వాకర్ అనే చాకుల పనివాడు 1980ల మొదట్లో దీన్ని నేటి రూపానికి తెచ్చాడు. ఈ రోజు ఆన్‌లైనులో కొనే చవకచాకుల్లో అధికం ఇవే. రేకు చీలికముక్కలా వాలున దూరి నిలుస్తుంది కాబట్టి ఆట అసలే ఉండదు. కొత్తదాన్ని ఎంత కదిపినా రాయిలా ఉంటుంది. కానీ వాలు ఒకటి రెండు డిగ్రీలు తప్పితే, పిడిని మెలిపెట్టినప్పుడు ఆ రేకు జారుతుంది. వాడినకొద్దీ రేకు అరిగి ఇంకా లోపలికి వెళుతుంది. అవతలి గోడ తగిలాక వెళ్ళడానికి చోటుండదు. అప్పుడు మొదలవుతుంది ఆట. ఇలాంటి చాకులో ఆట కనిపించిందంటే పట్టు ఎప్పుడో అయిపోవచ్చిందని అర్థం. అక్కడ మా నాయన పరీక్ష మళ్ళీ పనికొస్తుంది, కాకపోతే కొనేటప్పుడు కాదు, కొన్న అయిదేళ్ళకు.

చాకు తెరిచి వెన్నును బల్లమీద కొట్టి చూసే అలవాటు కొందరిలో ఉంది. తయారీదారులు వద్దంటారు. గట్టి గడియ కూడా ఆ దెబ్బలకు చెడుతుంది. వేళ్ళు పిడి మీదనుంచి పూర్తిగా తప్పించి, వెన్నును మెత్తని కర్రమీద ఆనించి మెల్లగా బరువు మోపితే చాలు, జారేది జారుతుంది. ఇది చెప్పడానికి నాకు అర్హత ఏమిటంటే, బడి వర్క్‌షాపులో అలా నొక్కి చూసిన ఆరు చాకుల్లో రెండు మూసుకున్నాయి. అందులో ఒకటి అంతకుముందు వారమే పిల్లల చేతిలో ఉంది.

ఆచారి ఆ రోజు పాతచాకును దాగలి మీద పెట్టి చీలమీద రెండు దెబ్బలు వేశాడు. తెరిచాడు, కొంచెం బిగువైంది. మూడో దెబ్బ వేయలేదు. రెండు చుక్కల నూనె వేసి నాకిచ్చాడు. దాని స్ప్రింగు లావుపాటిది. నాయన మరుసటి ఏడునుంచి మళ్ళీ దాంతోనే అంట్లు కట్టాడు, చూపుడువేలికి బదులు నడిమివేలు ఆనించి. ఇప్పుడు పనికి వెళ్ళడం లేదు. పాతది మళ్ళీ లొడలొడలాడుతోంది. పెరట్లో కరివేపాకు కొమ్మ కొయ్యాలంటే ఇప్పటికీ దాన్నే అడుగుతాడు.

కొత్తదాన్ని ఈ ప్రసంగం రాసేముందు సంచిలోంచి తీసి కదిపి చూశాను. ఇన్నేళ్ళకూ అది ఇసుమంతైనా ఆడదు.